నీడ సందులో ఏ తీగ వేసుకోవాలి? హనీసకిల్ కోరుకునే నెల్లూరు, ప్రకాశం ఇళ్ళకు సమగ్ర మార్గదర్శి

మా ఇంటికీ పక్కింటి ప్రహరీకీ మధ్య ఉత్తరం వైపు నాలుగడుగుల సందు ఉంది. ఒక చివర మోటారు, ఇంకో చివర ఏసీ డబ్బా, మధ్యలో పగిలిన బక్కెట్లు. నెల్లూరులో చాలా ఇళ్ళకు ఇలాంటి సందు ఒకటి ఉంటుంది. వర్జీనియాలో మా అన్నయ్య కూతురి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాక, ఆ సందులో హనీసకిల్ తీగ వేసి తీరాలనుకున్నాను. అక్కడ వాళ్ళ పెరటి కంచె మీద ఆ తీగ పాకి ఉండేది. పొద్దు వాలేసరికి ఆ పూల వాసన వంటింట్లోకి వచ్చేసేది.

నేను తిరిగొచ్చిన ఏడాదికి ఆ పిల్ల ఫోన్ చేసింది. "అత్తా, ఆ తీగ పీకించేస్తున్నాం. వెనకాల చెట్లన్నీ దాని కిందికి పోయాయి" అంది. నాకు మనసొప్పలేదు. "అంత మంచి పూలతీగను పీకడమేంటి తల్లీ" అన్నాను. తను ఫోటోలు పంపింది. కంచె దాటి వెనక ఉన్న చిన్న చెట్ల మీద దుప్పటి కప్పినట్టు ఉంది తీగ. కింద గడ్డి కూడా లేదు. ఆ రోజు నుంచి తీగమొక్కల గురించి చదవడం, వేసి చూడడం మొదలుపెట్టాను. ఏ తీగ మన హద్దులో ఉంటుంది, ఏది దాటిపోతుంది, నీడలో ఏది పూస్తుంది అనే మూడు సంగతులు ముందే చూసుకోకపోతే తర్వాత పడే శ్రమ చాలా ఎక్కువ. అందుకే నేను నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను.

ముందు హనీసకిల్ అంటే ఏదో తేల్చుకోండి

హనీసకిల్ ఒక్క మొక్క పేరు కాదు. లోనిసెరా అనే జాతిలో చాలా రకాలు ఉన్నాయి, అందులో తీగలూ ఉన్నాయి, పొదలూ ఉన్నాయి. 16వ శతాబ్దపు జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆడమ్ లోనిసర్ పేరు మీద ఆ జాతికి ఆ పేరు వచ్చింది. వీటిలో ఎక్కువ రకాలు చలిదేశాల మొక్కలు.

మా అన్నయ్య కూతురి పెరట్లో ఉన్నది జపనీస్ హనీసకిల్, అంటే లోనిసెరా జపోనికా. దాని సొంత ఊళ్ళు జపాన్, చైనా, కొరియా. పువ్వు తెల్లగా విచ్చుకుని, ఒకటి రెండు రోజుల్లో పసుపుకు తిరుగుతుంది. అందుకే చైనాలో దాన్ని బంగారు వెండి పువ్వు అంటారు, అక్కడ వైద్యంలోనూ వాడతారు. అమెరికాకు 1806లో వచ్చింది. మట్టి కోసుకుపోకుండా రోడ్ల పక్కన గట్ల మీద కూడా నాటారు. చలికాలంలో పక్క చెట్లన్నీ ఆకు రాల్చి మోడులైనప్పుడు కూడా ఇది చాలాచోట్ల ఆకు నిలుపుకుని, వచ్చే ఎండంతా తనే తాగుతుంది. కాడ నేలకు తగిలిన చోటల్లా వేరు దిగుతుంది. నల్లటి పండ్లు పిట్టలు తిని దూరంగా విత్తుతాయి. ఈ మూడూ కలిసి దాన్ని అక్కడి అడవులకు పెద్ద బెడద చేశాయి.

అదే జాతిలో లోనిసెరా సెంపర్‌వైరెన్స్ అనే తీగ ఉంది. అది అమెరికా తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల సొంత మొక్క. ఎర్రటి పొడవాటి గొట్టాల్లాంటి పూలు. హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్ట ఆ గొట్టంలో ముక్కు పెట్టి తేనె తాగుతుంది. వాసన దాదాపు ఉండదు. ఇది అక్కడ హద్దులో ఉండే తీగ.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు నెల్లూరు, ఒంగోలులో ఎందరో కాబట్టి ఈ రెంటినీ గుర్తుపట్టే పద్ధతి చెబుతాను. తీగ చివర పూలగుత్తి ఉన్నచోట, దాని కిందనే ఉన్న ఆకుల జతను చూడండి. సెంపర్‌వైరెన్స్‌లో ఆ రెండు ఆకులూ కాడ దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఒకే ఆకైపోతాయి. చిన్న విస్తరి మధ్యలో పుల్ల గుచ్చినట్టు ఉంటుంది. జపోనికాలో ఏ ఆకుకు ఆ ఆకు విడిగానే ఉంటుంది, పూలు గుత్తిగా చివర కాకుండా ఆకు మొదట్లో రెండేసి పూస్తాయి. పండ్లు సెంపర్‌వైరెన్స్‌కు ఎరుపు, జపోనికాకు నలుపు. పండ్లు ఏవైనా పిల్లల నోట్లో పడనీయకూడదు, కడుపులో తిప్పుతాయి. మీ పిల్లలు అక్కడ కొత్తగా తీగ కొనేటట్టయితే సెంపర్‌వైరెన్స్‌లో మేజర్ వీలర్ అనే ఎర్ర రకం, జాన్ క్లేటన్ అనే పసుపు రకం అడగమనండి. రోజులో కనీసం నాలుగైదు గంటల ఎండ తగిలే చోట పెడితేనే పూలు దండిగా వస్తాయి. మరీ నీడైతే ఆకు మీద బూడిద తెగులు పడుతుంది.

మరి మన దగ్గర? నెల్లూరులో హనీసకిల్ కావాలని అడిగితే నాకు రెండు చోట్ల రాధామనోహరం చేతిలో పెట్టారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, రాధామనోహరాన్ని చైనీస్ హనీసకిల్ అని పిలిచే అలవాటు చాలా దేశాల్లో ఉంది. కానీ రెంటికీ చుట్టరికమే లేదు. చివరికి ఒకచోట అసలు జపోనికా దొరికింది. కుండీలో పెట్టాను. మొదటి చలికాలం బాగానే ఉంది, రోహిణీకార్తెలో ఆకులు అంచుల నుంచి మాడాయి, రెండేళ్ళలో పట్టుమని ఇరవై పూలు చూడలేదు. పూలు ఇవ్వని తీగకు, వేరే దేశాల్లో ఇంత చెడ్డపేరున్న తీగకు మన మట్టిలో చోటు ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం. ముచ్చట తీరకపోతే కుండీలోనే ఉంచండి, తీగ కొస నేలను తాకనీయకండి, పిందె కనబడితే కోసేయండి.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా హనీసకిల్ ఇచ్చే సుఖాన్ని, అంటే సాయంత్రపు వాసన, గోడకు పచ్చదనం, తేనె కోసం వచ్చే పిట్టలను మన నీడ సందులో ఏ తీగతో తెచ్చుకోవాలన్నదే.

ఒకటో అడుగు: నీడను కొలవండి

ఇంగ్లీషు తోట పుస్తకాల్లో ఉత్తరపు గోడ అంటే ఏడాదంతా నీడ అని ఉంటుంది. అది వాళ్ళ దేశాలకు నిజం, మనకు కాదు. నెల్లూరు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరికి సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, మళ్ళీ ఆగస్టు రెండో వారానికి గాని నెత్తి మీదికి తిరిగి రాడు. అంటే ఉత్తరపు గోడ మీద ఎండ బాగా పడేది మే, జూన్, జులై నెలల్లో. మిగతా ఏడాదిలో ఎక్కువ కాలం చల్లగా నీడలో ఉన్న గోడ, మండువేసవిలో పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ తింటుంది. చలికాలంలో చూసి "ఇది పూర్తి నీడ" అనుకుని సున్నితమైన మొక్క పెడితే మేలో మాడిపోతుంది. నా మొదటి తమలపాకు తీగ అలాగే పోయింది.

అందుకని ఒక ఆదివారం సుద్దముక్క పట్టుకోండి. పొద్దున ఎనిమిదికి, పదికి, పన్నెండుకు, మధ్యాహ్నం రెండుకు, నాలుగుకు ఎండ ఎక్కడిదాకా పడుతుందో గోడ మీద గీత గీసి గంట రాయండి. ఇదే పని జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి చేయాలి. అంతవరకు ఆగలేకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, వేసవిలో ఏ పక్క గోడ వేడెక్కేదో వాళ్ళకు గుర్తుంటుంది.

నేను లెక్క వేసుకునే పద్ధతి ఇది. నేరుగా ఎండ మూడు గంటల లోపు అయితే నీడ. మూడు నుంచి ఆరు గంటలు అయితే అరనీడ. అసలు ఎండే పడకుండా, మధ్యాహ్నం లైటు వేయకుండా పేపరు చదవడానికి కళ్ళు చికిలించాల్సి వస్తే అది చిక్కటి నీడ. చిక్కటి నీడలో పూలతీగ ఏదీ పూయదు. అక్కడ ఆకు అందం కోసం పెంచుకోవాల్సిందే. వేపచెట్టు కింది నీడ వేరు. ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు జారుతుంది కాబట్టి అది అరనీడతో సమానం.

రెండో అడుగు: మట్టి, నీళ్ళు

సందుల్లో పైన కనబడే మట్టి వేరు, కింద ఉండేది వేరు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు అక్కడే పూడ్చి ఉంటారు. నేను గునపం వేస్తే జానెడు లోతులో సున్నపు గార తగిలింది. ఆ మట్టిలో మల్లెజాతి తీగలు ఆకు పచ్చదనం పోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి వెలవెలబోతాయి. ఎరువు ఎంత వేసినా తేరుకోవు. గొయ్యి ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే లోతు తీసి, ఆ చెత్తంతా బయట పారేయండి. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, ఒక వంతు ఇసుక, రెండు గుప్పిళ్ళు వేపపిండి కలిపి నింపండి. రేగడి నేల ఉన్న ఊళ్ళవాళ్ళు ఇసుక ఇంకాస్త ఎక్కువ వేయాలి. సముద్రం పక్క దువ్వ నేలలో ఇసుక మానేసి ఎరువు పెంచాలి, కొబ్బరిపొట్టు కలిపితే తడి నిలుస్తుంది.

నీళ్ళది ఇంకా పెద్ద సంగతి. కోస్తా ఊళ్ళలోనూ, ప్రకాశం పడమటి మెట్టలోనూ బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట్లు చాలా. కుండీ అంచు మీద తెల్లపొర కట్టినా, ఆకు కొనలు మాత్రమే ఎండి గోధుమరంగుకు తిరుగుతున్నా ఉప్పే కారణమని అనుమానించండి. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా అవుతున్నాయని చాలామంది మొక్కలకు పోస్తారు. బోరు నీళ్ళలోని ఉప్పంతా చిక్కబడి వచ్చేది ఆ నీళ్ళలోనే, నీడ మొక్కలకు అవి అస్సలు పనికిరావు. ఏసీ గొట్టం నుంచి చుక్కచుక్కగా కారే నీళ్ళు మాత్రం బంగారం. గాలిలోని తేమే నీరైంది కాబట్టి ఉప్పు ఉండదు. కింద బక్కెట్టు పెట్టి పట్టుకుని, ఏ రోజువి ఆ రోజు పోసేయండి, నిలవ ఉంచితే దోమలు. కానీ అదే ఏసీ డబ్బా వదిలే వేడిగాలి తగిలే చోట ఏ తీగా బతకదు. డబ్బాకు ఎదురుగా నాలుగైదు అడుగులు ఖాళీ వదలండి.

మూడో అడుగు: ఇది హద్దులో ఉండే తీగేనా?

ఆక్రమించే మొక్క అంటే ఏమిటో మన జిల్లాల వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్కారుతుమ్మను చూస్తూనే పెరిగాం. వంటచెరకు కోసమని 1870ల చివర్లో బయటి నుంచి గింజలు తెప్పించి కడప వైపు నాటిన చెట్టు, ఇవాళ మన చెరువు కట్టలు, బీళ్ళు, కాలువ గట్లు అన్నిటా అదే. చెరువుల్లో గుర్రపుడెక్క, కొండల మీద లాంటానా కూడా అలా వచ్చినవే. లాంటానానైతే పూల అందం కోసమే తెచ్చారు.

అయితే ఒక ఊరికి శత్రువైన మొక్క ఇంకో ఊరికి చుట్టం. మన మాధవీలతనే తీసుకోండి. ఈ దేశపు తీగ, మన కొండల్లో సహజంగా పెరుగుతుంది. దాన్ని అందం కోసం మారిషస్‌కు, రీయూనియన్ దీవికి పట్టుకెళ్ళారు. అక్కడ అడవుల మీద పడి చెట్లను నలిపేస్తోంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జీవుల జాబితాలో దాని పేరుంది. కాబట్టి "ఇది ఆక్రమిస్తుందా" అని అడగడం చాలదు, "ఇక్కడ, నా మట్టిలో ఆక్రమిస్తుందా" అని అడగాలి.

దానికి నేను నాలుగు సంగతులు చూస్తాను. కాడ నేలకు తగిలితే కణుపు దగ్గర వేరు దిగుతుందా? పండు పిట్టలు తినేదా? వేరు నుంచి దూరంగా పిలకలు లేస్తాయా? పీకాక భూమిలో దుంప మిగులుతుందా? ఒక్కదానికి అవునని జవాబు వస్తే జాగ్రత్తగా పెంచుకోవచ్చు. రెండు వస్తే కుండీలోనే. మూడు వస్తే ఎంత అందమైనా ఇంటికి తేవద్దు.

మొదటి ప్రశ్నకు జవాబు కళ్ళారా చూడాలంటే నేల మీద పాకుతున్న మనీప్లాంటు తీగను ఒకసారి మెల్లగా పైకి లాగండి. కాస్త దూరం సులువుగా లేచి, ఒక్కసారి ఆగుతుంది. ఇంకాస్త లాగితే పటుక్కున లేచి, మళ్ళీ ఆగుతుంది. ఆ ఆగిన ప్రతిచోటా కణుపు కింద కుచ్చులాగా తెల్లవేళ్ళు మట్టిని పట్టుకుని కనబడతాయి. అంటే ప్రతి కణుపూ ఒక మొక్కే. మీరు ముక్కలుగా నరికి పారేస్తే అన్ని మొక్కలు చల్లినట్టు. మనీప్లాంటు సీసాలో, కుండీలో ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది. నేలలో వేసి చెట్టెక్కిస్తే ఆకు చేటంత అవుతుంది, చెట్టు కనబడదు. శ్రీలంకలో, హవాయి దీవుల్లో అది అడవుల్లోకి పాకి బెడదగా మారింది.

నాలుగో అడుగు: మీ నీడకు తగిన తీగ

చిక్కటి నీడ ఉన్నచోట నా మొదటి మాట తమలపాకు. ఆకుతోట చూసినవాళ్ళకు తెలుసు, రైతులు అవిసె చెట్లు దగ్గరదగ్గరగా పెంచి ఆ నీడలోనే ఈ తీగను పాకిస్తారు. ఎండంటే దానికి పడదు, తడి కావాలి, కానీ పాదులో నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది. తీగ పైభాగం నుంచి నాలుగు కణుపులున్న ముక్క కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. విత్తనంతో వ్యాపించే బాధ లేదు, మనం ముక్క నాటితేనే పెరుగుతుంది. పూజకు, తాంబూలానికి బయట కొనే పని తప్పుతుంది. పూల వాసన లేదన్న మాటే గాని, నీళ్ళు చల్లిన తర్వాత తమలపాకు పాదు దగ్గర నిలబడితే వచ్చే కమ్మటి ఘాటు నాకు హనీసకిల్ కంటే తక్కువేం కాదు.

అరనీడకు మనోరంజితం. తీగసంపెంగ అని కూడా అంటారు. దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత నేల. పువ్వు మొదట ఆకురంగులోనే ఉండి కనబడదు, వాసనా ఉండదు. పండి పసుపుకు తిరిగేటప్పుడు పండిన పండ్ల బుట్ట తెరిచినట్టు గుప్పుమంటుంది. ఎక్కడుందో వెతుక్కోవాలి. పూకాడ కొక్కెంలా వంగి ఉంటుంది, ఆ కొక్కెంతోనే కొమ్మను పట్టుకుని పైకెక్కుతుంది. కాడ గట్టిది, ఎదుగుదల నెమ్మది. మొదటి రెండేళ్ళు ఓపిక పట్టాలి. గోడ మీద పడి పెచ్చులూడదీయదు, నేల మీద పరుగెత్తదు. మా సందులో చివరికి నిలిచింది ఇదే.

సన్నజాజి మూడు నాలుగు గంటల ఎండకే పూస్తుంది. మల్లె అలా కాదు, దానికి నిండు ఎండ కావాలి, నీడలో పెడితే ఏపుగా పెరిగి మొగ్గ వేయదు. జాజికి మాత్రం చివరి కొమ్మలు గోడ దాటి వెలుగు చూసేలా పందిరి ఎత్తుగా వేయండి. మొదలు నీడలో ఉన్నా, తల ఎండలో ఉంటే దానికి చాలు.

రాధామనోహరం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు హనీసకిల్ పేరుతో దొరికేది ఇదే. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాడు గులాబీరంగు, ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులు. రాత్రి వాసనకు రెక్కల పురుగులు, పగలు తేనెటీగలు వస్తాయి. కొందరు దీన్నే మాధవీలత అని అమ్ముతారు. మాధవీలత పువ్వుకు రేకుల అంచు కత్తిరించినట్టు కుచ్చుకుచ్చులుగా ఉంటుంది, ఒక రేకు మీద పసుపు మచ్చ ఉంటుంది, కాయకు మూడు రెక్కలుంటాయి. రాధామనోహరానికి పొడవాటి సన్నని గొట్టం, చివర అయిదు నున్నటి రేకులు. నా నాలుగు ప్రశ్నల్లో రాధామనోహరం మూడోదాంట్లో దొరుకుతుంది. వేరు నుంచి పిలకలు లేస్తాయి, ఒక్కోసారి మొదలుకు ఆరడుగుల దూరంలో. నేలలో రెండడుగుల సిమెంటు వర దించి అందులో నాటితే చాలావరకు అదుపులో ఉంటుంది. అయిదు గంటల ఎండ లేకపోతే ఆకే తప్ప పువ్వు ఉండదు కాబట్టి, చిన్న సందులో వద్దు. మేడ మీదికి ఎక్కించే వీలున్నవాళ్ళకు మంచిది.

మాధవీలత మన మొక్కే, ఇక్కడ అడవిని చెరిచేది కాదు, వాసనా గొప్పది. కానీ దాని కాడ ఏళ్ళు గడిచేకొద్దీ మోకు లావు అవుతుంది. పెద్ద పెరడు, ఇనప పందిరి ఉంటేనే.

తిప్పతీగ దగ్గర ఒక ముఖ్యమైన మాట. వేపచెట్టు కింద నీడలో బ్రహ్మాండంగా పెరుగుతుంది, మందుకు మంచిదని చాలామంది నాటుతున్నారు. పట్నంలో అయితే ఇబ్బంది లేదు. కానీ పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల మధ్య, లేదా బత్తాయి తోట పక్కన ఇల్లు ఉన్నవాళ్ళు దయచేసి వేయకండి. పండు రసం పీల్చే రెక్కల పురుగు ఒకటుంది. రాత్రిపూట వచ్చి కాయకు సూదిలా గుచ్చుతుంది, గుచ్చినచోట మెత్తబడి కుళ్ళి కాయ రాలుతుంది. ఆ పురుగు పిల్లగా, అంటే గొంగళిగా ఉన్నప్పుడు తిని పెరిగేది తిప్పతీగ, దూసరితీగ లాంటి వాటి ఆకులనే. తోట చుట్టూ ఈ తీగలు పీకేయమని వ్యవసాయ శాఖ వాళ్ళు రైతులకు చెప్పేది అందుకే. ఇది మన దేశపు తీగే, అయినా పక్కవాళ్ళ పంటకు చేటు.

అయిదో అడుగు: నర్సరీలో

మన ఊళ్ళకు వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి లారీల్లో దిగుతాయి. దిగిన రోజే కొనకండి, వారం ఆగితే ఏది తట్టుకుందో తెలుస్తుంది. కవరు అడుగు చూడండి. వేళ్ళు కవరు చీల్చుకుని నేలలోకి దిగి ఉంటే ఆ మొక్క పాతది, పీకినప్పుడు వేరు తెగి దెబ్బతింటుంది. ఆ చుట్టుపక్కల కుండీల్లో అడక్కుండా మొలిచిన పిల్లమొక్కలు ఏవో కూడా గమనించండి, ఏ తీగ తనంతట తాను పాకిపోతుందో నర్సరీ నేలే చెబుతుంది. ఆకు కింద పిండినల్లి, కాడకు పసుపు దారంలా చుట్టుకున్న సీతమ్మ పోగునూలు ఉంటే ఆ మొక్కే కాదు, పక్క మొక్క కూడా వద్దు. పువ్వు చూడకుండా పేరు నమ్మి కొనవద్దు. పూసే కాలం కాకపోతే ఫోనులో ఫోటో చూపించమనండి.

ఆరో అడుగు: నాటడం, పాకించడం

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు రెండో సగంలో నాటితే వేసవి తీవ్రత తగ్గి ఉంటుంది, భారీ వానల లోపు వేరు పట్టుకుంటుంది. అది దాటిపోతే జనవరి దాకా ఆగండి. తుఫాను రోజుల్లో నాటిన మొక్క గోతిలో నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది.

గోడకు ఆనించి నాటకండి. ఒకటిన్నర అడుగు ఎడం ఇచ్చి, తీగ తల గోడ వైపు వాలేలా పెట్టండి. మురుగు గొట్టానికి, నీళ్ళ తొట్టికి దూరంగా ఉండాలి. గోడకు కొక్కేలు కొట్టి, గోడకు ఆరు అంగుళాల ఎడంగా జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనపతీగ, అడ్డంగా మూడు నాలుగు వరసలు లాగండి. ఆ ఎడం వల్ల గాలి ఆడుతుంది, గోడకు నెమ్ము పట్టదు. తీగను కట్టడానికి సన్నని ఇనపతీగ వాడితే కాడ లావైనప్పుడు కోసుకుపోతుంది. పాత నూలు చీర అంచు చింపి, ఎనిమిది అంకెలా మెలిపెట్టి వదులుగా కట్టండి. కరెంటు తీగల వైపు పోయే కొమ్మను చిన్నప్పుడే మళ్ళించాలి.

మొదలు దగ్గర ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందాన పరచండి, కాడకు మాత్రం తగలనీయకండి. నీళ్ళు రోజూ కొంచెం కొంచెం కాదు, వేలు పెడితే రెండు కణుపుల లోతు ఆరినప్పుడు నిండుగా పోయాలి. నీడలో మట్టి ఆలస్యంగా ఆరుతుంది, నీడమొక్కలు ఎక్కువ పోయేది దాహంతో కాదు, నీళ్ళెక్కువై.

పూలతీగ వేస్తే పాములొస్తాయని మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. ఆవిడ భయంలో న్యాయం ఉంది. వాసనకు రావు గాని, కింద దట్టంగా పెరిగితే ఎలుకలు, కప్పలు చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. అందుకని నేల నుంచి రెండడుగుల దాకా ఆకు, కొమ్మ ఏదీ లేకుండా కాడను నున్నగా ఉంచండి. అవతలి చివర నిలబడి చూస్తే ఇవతలి చివర నేల కనబడాలి. మా సందులో ఈ ఒక్క నియమం ఆవిడే కాపలా కాస్తారు.

ఏడో అడుగు: కత్తిరింపు, ఆ చెత్త

సెప్టెంబరు చివర ఒకసారి పైన దట్టంగా ఉన్న కొమ్మలు పలచబరచండి. తుఫాను గాలికి దట్టమైన తీగ తెరచాపలా పనిచేసి పందిరినే లాగేస్తుంది. జాజికి డిసెంబరు చివర, జనవరి మొదట్లో గట్టి కత్తిరింపు. మాధవీలతకు పూత అయిపోయాక. మనోరంజితానికి అడ్డదిడ్డంగా పోయిన కొమ్మ తప్ప ఏమీ కోయనక్కర్లేదు. పిండినల్లి కనబడితే లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టండి, వారానికొకసారి మూడు వారాలు.

కోసిన కొమ్మల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సంచిలో కట్టి తీసుకెళ్ళి కాలువ గట్టున, చెరువు పక్కన, ఖాళీ స్థలంలో పడేస్తారు. కణుపు దగ్గర వేరు దిగే తీగలకు అంతకంటే మంచి చోటు లేదు. తడి ఉంది, నీడ ఉంది, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. మా వీధి చివర ఖాళీ స్థలంలో ఇప్పుడు వేపచెట్టును కప్పేసిన మనీప్లాంటు ఎవరో ఒకరి కుండీలోంచి పోయిందే. కోసిన తీగలను మేడ మీద గచ్చు మీద ఎండలో పరచండి. మన ఎండకు వారం పది రోజుల్లో వరుగులా అయిపోతాయి. కాడ విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే ఇంకా ప్రాణం ఉన్నట్టే, మరో రెండు రోజులు ఉంచండి. పూర్తిగా ఎండాక ముక్కలు చేసి ఆ తీగ పాదులోనే పరిచేయవచ్చు.